కథ జరిగిన ఏడు, రాసిన ఏడు

నవల చేతికి రాగానే అట్ట లోపలి పేజీలో పెన్సిల్‌తో రెండు సంవత్సరాలు రాసుకోవడం నాకున్న అలవాటు. ఒకటి కథ జరిగిన ఏడు, రెండోది అది అచ్చయిన ఏడు. రాజకీయ కథల్ని ఆ రెంటి మధ్య ఎడాన్ని బట్టి చదవాలని నాకు నేర్పినవి కరీంనగర్, ఆదిలాబాద్ పుస్తకాలే.

వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ‘విజయ’ పేరుతో రాసిన ‘గొల్ల రామవ్వ’ 1949లో ‘కాకతీయ పత్రిక’లో వచ్చింది. నిజాం పోలీసులు వెతుకుతున్న యువకుణ్ణి ఒక ముసలవ్వ తన గుడిసెలో దాచి కాపాడుతుంది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి ఏడాదే. రాసినవాడు నిజాం వ్యతిరేక పోరాటంలో తిరిగినవాడే. అందుకే మనవాళ్లెవరో పైవాళ్లెవరో కథలో ఎక్కడా తడుముకోవాల్సిన పని లేదు. కొత్త దేశం పేదల గుడిసె నుంచే మొదలవుతుందన్న ధీమా అందులో నిండుగా కనిపిస్తుంది.

ముప్పై ఏళ్లకు, మంథని దగ్గరి గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ (1979) రాశాడు. అంతకు ముందటేడు సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర సాగింది. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నిజాం పోయాడు, దొర పోలేదు. ఇప్పుడు ఊరికొచ్చిన పోలీసులు స్వతంత్ర దేశపు పోలీసులు. రామవ్వ కథలో ఉన్న ధీమా ఇక్కడ నిలదీతగా మారింది.

సాహుతో కలిసి రాజయ్యే రాసిన ‘కొమురం భీమ్’ సంగతి వేరు. నిజాంపై పోరాడిన గోండు నాయకుడు భీమ్ జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో, నవల వచ్చింది 1983లో. ఆ 43 ఏళ్ల ఎడంలో ఇంద్రవెల్లి ఉంది. అక్కడ 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అన్నది సర్కారు లెక్క, జనం చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఇంద్రవెల్లి తెలిసిన పాఠకుడికి అడవి, పోడు, పట్టా అన్న గొడవలు నిజాంతోనే ముగిసిపోయినట్టు అనిపించవు.

ఇందులో ఒక చిక్కూ ఉంది. ఎడం పెరిగేకొద్దీ రాసిన కాలపు ఆవేశం పాత మనిషి నోట పలికే ప్రమాదం ఉంటుంది. అలాంటి చోట మార్జిన్‌లో గీత పెట్టుకుని ముందుకు చదువుతాను, పుస్తకం మూసెయ్యను. భీమ్ ఎలా బతికాడో గోండు పెద్దల జ్ఞాపకాల్లో, పాత దస్త్రాల్లో వెతుక్కోవచ్చు. నలభై ఏళ్ల తర్వాత అతని అవసరం మళ్లీ ఎందుకు పడిందో మాత్రం నవలనే అడగాలి.