నా ఓటు ఆ తెల్లజుట్టాయనకే

ఒకప్పుడు మన ఇళ్ళల్లో రామారావు పక్షం, నాగేశ్వరరావు పక్షం అని ఉండేవి. ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఆ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములు మొహమొహాలు చూసుకునేవారు కారు. ఇప్పుడు మా మేనల్లుళ్ళిద్దరిదీ అదే వరస. కాకపోతే తగవు సినిమాల మీద కాదు, కంప్యూటరు ఆటల మీద. పెద్దాడు 'స్కైరిమ్' అంటాడు, చిన్నాడు 'విచర్ 3' అంటాడు. ఏ దాంట్లో రాక్షసులు ఎక్కువ, ఏ రాజ్యం పెద్దది, ఎవరెన్ని గంటలు ఆడారు - ఇవీ వాళ్ళ కొలతలు. రెండూ ఓపిగ్గా ఆడి చూసినదాన్ని నేను. నా కొలత వేరు.

తనకల్లులో కూర్చుని ఈ వయసులో ఇవేం ఆటలని ముక్కున వేలేసుకోకండి. 'పాతాళభైరవి' చూసినవాళ్ళం, 'చందమామ' కోసం పోస్టుమాను దారి కాచినవాళ్ళం. మాంత్రికులూ మంత్రదండాలూ మనకేం కొత్త? అసలు ఆ పత్రికకూ ఆ సినిమాకూ వెనక ఉన్నది ఒకే జంట, నాగిరెడ్డి-చక్రపాణి. తేడా అల్లా, తోటరాముడు మాంత్రికుడి గుహలోకి వెళుతుంటే మనం చూస్తూ కూర్చున్నాం. ఈ ఆటల్లో మనమే తోటరాముడి ఒంట్లో దూరతాం. పరకాయ ప్రవేశం అన్నమాట.

పక్షాలు కూడా ఇవాళ్టివి కావు. జపానులో 1986లో 'డ్రాగన్ క్వెస్ట్' వచ్చింది, మరుసటేడు పోటీగా 'ఫైనల్ ఫాంటసీ'. ఏళ్ళ తరబడి పోటీపడ్డ ఆ రెండు కంపెనీలూ 2003లో వియ్యమందుకుని ఒకే సంస్థ అయ్యాయి. అభిమానులు మాత్రం రాజీ పడలేదు. పెళ్ళివారు కలిసిపోయినా పాలేళ్ళు కొట్టుకుంటున్నట్టు!

ముందు స్కైరిమ్ సంగతి. 2011లో అమెరికాలోని బెథెస్డా వాళ్ళు తీసుకొచ్చారు. ఇందులో నాకు నచ్చిన మొదటి మాట - ఆడదానిగానే ఆడవచ్చు. రెండోది నీళ్ళు. కొండల మీద మంచు, కింద గలగలమంటూ ఏరు, ఏట్లో ఎగిరిపడే చేపలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ శెనక్కాయ పైరుకి కావలసినప్పుడు కాకుండా ఎప్పుడో పడే సీమలో పుట్టినదాన్ని. నెత్తి మీద డ్రాగను తిరుగుతుంటే నేను ఏటి గట్టున నిలబడి నీళ్ళు చూసుకుంటూ ఉండేదాన్ని. "అత్తా, పరుగెత్తు!" అని పెద్దాడు నెత్తి కొట్టుకునేవాడు.

అందులో పెళ్ళి కూడా ఉంది సుమండీ. మెడలో ఒక తాయెత్తు వేసుకుంటే చాలు, కట్నాల ఊసు లేదు. చేసుకున్న మొగుడు అడిగితే రోజుకోసారి వండి పెడతాడు. దుకాణం పెట్టి, రోజుకి నూరు బంగారు నాణేలు మన వాటా చేతిలో పోస్తాడు. ఈ మాట పక్కింటావిడతో చెబితే, "ఆ ఊరు యాడుందక్కా?" అంది.

అంతా బాగానే ఉంది గానీ, నెల రోజులు కొండలూ గుట్టలూ తిరిగి వచ్చినా ఆ మొగుడిది అదే మాట, అదే మొహం. మాంత్రికుల పీఠానికి నేనే అధిపతిని, దొంగల ముఠాకీ నేనే నాయకురాలిని. ఇదేమిటమ్మా అని నిలదీసేవాడు లేడు. కొట్టువాడి నెత్తిన బక్కెట్టు బోర్లించి, వాడి కళ్ళు కప్పి, కొట్టంతా ఊడ్చుకుపోవచ్చు. నవ్వొస్తుంది, నిజమే. ఏం చేసినా ఎవరికీ పట్టని చోట స్వేచ్ఛ ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అత్తగారు లేని ఇల్లు వేరు, అసలు మనుషులే లేని ఇల్లు వేరు.

విచర్ 3 పోలండు వాళ్ళది, 2015లో వచ్చింది. సప్కోవ్‌స్కీ అనే ఆయన కథల్లోంచి పుట్టింది. ఇక్కడ చాలావరకు చచ్చినట్టు మగవాడిగానే ఉండాలి. గెరాల్ట్ అని, తెల్లజుట్టాయన, కూలికి రాక్షసులని చంపుతాడు. వెతుకుతున్నది నిధిని కాదు, పెంచుకున్న కూతురు సిరిని. దారిలో వెలెన్ అనే సీమ తగులుతుంది. యుద్ధం, ఆకలి. పిల్లలకి పెట్టలేని తల్లిదండ్రులు వాళ్ళని అడవి దారిన, చెట్లకి కట్టిన మిఠాయిల వెంబడి, బురదనేలలోని మంత్రగత్తెల దగ్గరికి పంపేస్తారు. డ్రాగన్లని నమ్మడానికి నాకు కొంచెం టైము పట్టింది గానీ దీనికి పట్టలేదు. ముసలమ్మ చేతిలో పిల్లలని పెట్టి బెంగుళూరు బస్సెక్కిన వాళ్ళ ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

అక్కడ ఒక జమీందారుంటాడు. తాగి పెళ్ళాన్ని కొట్టినవాడు. ఆవిడా, కూతురూ ఇల్లు విడిచిపోతే, వెతికి పెట్టమని గెరాల్ట్ కాళ్ళావేళ్ళా పడతాడు. ఆట వాడిని వెనకేసుకు రాదు, అలాగని కొమ్ములూ పెట్టదు. ఒక చెట్టు కింద బందీగా ఉన్న ప్రేతాన్ని మనం విడిపిస్తే ఆ బురదనేల పిల్లలు బతుకుతారు, జమీందారు భార్య చచ్చిపోతుంది. చంపేస్తే ఆవిడ మతి చెడినా ప్రాణంతో ఉంటుంది, పిల్లలు దక్కరు. ఏ మీట నొక్కినా ఆ రాత్రి నిద్ర పట్టదు. చిన్నాడు దీన్ని "మంచి మిషన్ అత్తా" అంటాడు. మిషనా, మన్నా!

లోపాలు లేవనను. యుద్ధభూమిలో తిరిగే మంత్రగత్తెలకి ఆ రవికలేమిటో, కుట్టినవాడికే తెలియాలి. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఇద్దరు ఆడవాళ్ళకీ చెరో మాటా ఇస్తే, ఆ ఇద్దరూ కూడబలుక్కుని గెరాల్ట్‌ని మంచానికి కట్టేసి వెళ్ళిపోతారు. మన సినిమాల్లో ఇద్దరినీ చెరో పక్కన నిలబెట్టి శుభం కార్డు వేసిన దర్శకులు ఈ ఘట్టం చూడాలి.

నా పక్షపాతానికి అసలు కారణం చివర్లో ఉంది. సిరి మంత్రగత్తెల సభకి వెళ్ళాలి. వెంట వెళ్ళడమా, ఒంటరిగా పంపడమా? మావారు వెనక నిలబడి, "ఒంటరిగానా? నువ్వూ పో" అన్నారు. నేను ఒంటరిగానే పంపాను. ఇలాంటి చిన్న చిన్న ఘట్టాలు మరికొన్ని ఉన్నాయి. దుఃఖంలో ఉన్న పిల్లతో మంచు ఉండలు విసురుకుని ఆడతామా, తాగి మరిచిపొమ్మంటామా. కోపమొచ్చి సామాను పగలగొడుతుంటే ఆపుతామా, పగలగొట్టనిస్తామా. ఇవి లెక్కలోకి వస్తాయని ఆట ఒక్క ముక్క చెప్పదు. ఆఖరి పోరాటంలో మాత్రం ఆ పిల్ల తిరిగొస్తుందో లేదో తేల్చేవి ఇవే. నీ కత్తి ఎంత పదునన్నది కాదు, నీ కూతుర్ని ఎంత నమ్మావన్నది. సిరి తిరిగొచ్చింది. మావారు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు.

రాజ్యాలు కొలుచుకునే మా మేనల్లుళ్ళకి ఈ సంగతి పట్టలేదు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందంటే, ఎక్కడుండాలి, ఎవరు తోడని నెల రోజులు ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడిన మా అమ్మాయికి పట్టింది. ఫోనులో అంతా విని, "ఆ ఆట నాన్న చూశారా?" అని ఒక్క మాటే అడిగింది.

ఆ వరసలో నాలుగో ఆటని 2024 డిసెంబరులో ప్రకటించారు. అందులో నాయకురాలు సిరే. తెల్లజుట్టాయన ఒంట్లోంచి దిగి ఆ పిల్ల ఒంట్లో దూరాలన్నమాట. మా పాత కంప్యూటరు మీద అది నడవదని చిన్నాడు ఇప్పటినుంచే పాట మొదలెట్టాడు. ఈసారి శెనక్కాయలకి రేటొస్తే చూద్దాం అన్నారు మావారు.