అద్దాల గదిలో పాలపళ్లు

కుక్కపిల్ల వయసు తెలియాలంటే అమ్మేవాళ్లను అడగనక్కర్లేదు, నోరు తెరిచి చూస్తే చాలు. మూడో వారం దాటాక కోరలు మొలుస్తాయి. ఆ వెంటనే ముందరి చిన్న పళ్లు. వెనక నమిలే పళ్లు మాత్రం ఆరేడు వారాలకు గానీ పూర్తిగా రావు. ఎనిమిది వారాలు నిండిన కుక్కపిల్లకు మొత్తం 28 పాలపళ్లు ఉంటాయి, పిల్లికూనకైతే 26. బొటనవేలితో పెదవిని మెల్లగా పక్కకు జరిపి, వెనక చిగురు మీద వేలు పెట్టండి. గుచ్చుకుంటే సరే. మెత్తగా, నున్నగా తగిలిందా, ఆ పిల్ల ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల.

మన విశాఖలో పెట్ షాపులోకి అడుగుపెట్టినప్పుడల్లా నేను చేసే పని ఇదే. ఈ మధ్య ఒక షాపులో, అద్దాల గదిలోంచి లాబ్రడార్ పిల్లను తీసి నా చేతికిచ్చాడు అక్కడ పనిచేసే కుర్రాడు.

"ఎన్ని రోజులది బాబూ?"

"నలభై అయిదండి. వ్యాక్సిన్ కూడా అయిపోయింది."

వెనక చిగురు నున్నగా ఉంది.

"తల్లి ఎక్కడుంది?"

"తల్లి మా దగ్గరెందుకుంటాదండీ, పార్టీ దగ్గరుంటాది. మాకు పిల్లలే వస్తాయి."

ఆ కుర్రాడు అబద్ధమాడుతున్నాడని నేననుకోను. అతనికి చెప్పింది అంతే. పొద్దున్నే వచ్చి గదులన్నీ ఫినాయిల్ వేసి తుడుస్తాడు, సెరెలాక్ కలిపి పెడతాడు. రాత్రి షట్టర్ దించాక పిల్లలు చాలాసేపు ఏడుస్తాయని నాకు చెప్పింది కూడా అతనే. అతను చెప్పిన ఆ నలభై అయిదు దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. చట్టం ఎనిమిది వారాలంటుంది, అంటే 56 రోజులు. వయసు పెంచి చెప్పినా అది చట్టం గీసిన గీతను అందుకోవడం లేదు. అలాంటి గీత ఒకటుందని అమ్మేవాడికీ తెలియదు, పక్కన పర్సు తీస్తున్న కుటుంబానికీ తెలియదు.

చట్టం లేదని అనడానికి వీల్లేదు. పెట్ షాపులను, కుక్కల పెంపకందారులను అదుపు చేయాలని 2015 ఆగస్టులోనే లా కమిషన్ తన 261వ నివేదికలో చెప్పింది. ఆ తర్వాత కేంద్రం 2017లో కుక్కల బ్రీడింగ్ నిబంధనలు, 2018లో పెట్ షాపుల నిబంధనలు తెచ్చింది. షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. ఏ జంతువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి అమ్మారు అన్న లెక్క రాసిపెట్టాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లనుగానీ పిల్లికూననుగానీ అమ్మకూడదు. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు, ఏడాదికి ఒక్క ఈత కంటే ఎక్కువ ఉండకూడదు. చదువుతుంటే మంచి నిబంధనలే అనిపిస్తాయి. కానీ ఇవి నిలబడ్డ పునాది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. ఆ చట్టంలో తొలిసారి హింసకు పాల్పడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. పెంచాలని 2022లో ముసాయిదా బిల్లు తయారుచేశారు, అది చట్టం కాలేదు. వేలల్లో పలికే పిల్లకు యాభై రూపాయల జరిమానా! పైగా బ్రీడింగ్ నిబంధనలు కుక్కలకే. అద్దాల్లో ముద్దుగా కూర్చున్న పర్షియన్ పిల్లికూనల తల్లి ఏడాదికి ఎన్నిసార్లు ఈనిందో అడిగే నిబంధన ఒక్కటీ లేదు.

ఆ ఎనిమిది వారాల లెక్క ఊరికే రాసింది కాదు. అయిదు, ఆరు, ఏడు వారాల్లో పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. గట్టిగా కొరికితే అవతలిది కెవ్వుమంటుంది, ఆట ఆగిపోతుంది. తల్లి కూడా అప్పుడే పాలు మాన్పిస్తూ, మీదికొస్తే గుర్రుమంటుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆగాలో కుక్కపిల్ల నేర్చుకునేది ఆ రోజుల్లోనే. ముప్పై అయిదో రోజున తల్లి నుంచి వేరుచేసిన పిల్ల ఆ పాఠం లేకుండా మన ఇంటికొస్తుంది. ఆర్నెల్లయ్యాక పిల్లాడి చెయ్యి కొరికిందని దాన్ని గొలుసుకు కట్టేస్తారు.

అంతకంటే ముందొచ్చేది పార్వో అనే వైరస్ జబ్బు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఆరో వారం నుంచి పదహారో వారం మధ్యలో ఎప్పుడో తరిగిపోతుంది, ఒక్కో పిల్లకు ఒక్కో రోజున. అది ఉన్నంతసేపు టీకాను పనిచేయనివ్వదు, పోయాక పిల్లను కాపాడలేదు. అందుకే పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా మళ్లీ మళ్లీ వేస్తారు. "వ్యాక్సిన్ అయిపోయింది" అన్న మాటకు నలభై అయిదు రోజుల పిల్ల విషయంలో అర్థమే లేదు. సరిగ్గా ఆ వయసులో, నాలుగు చోట్ల పుట్టిన పిల్లల్ని తెచ్చి ఒకే అద్దాల గదిలో పెడతారు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఆ కుర్రాడు రోజూ పోసే ఫినాయిల్‌కు అది చావదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. ఈ సంగతి అతనికెవరూ చెప్పలేదు.

పార్వో వచ్చిన పిల్లను పశువైద్యశాల బల్ల మీద చూసినవాళ్లు మర్చిపోలేరు. వాసనే ముందు తెలుస్తుంది, గదిలోకి రాకముందే. నెత్తురు విరేచనాలు. పెన్సిలంత సన్నటి ముందుకాలికి అట్టముక్క ఆన్చి, ప్లాస్టర్ చుట్టి, సెలైన్ ఎక్కిస్తుంటారు. తోక కదల్చడానికి కూడా ఓపికుండదు. పక్కన ఒక చిన్నపాప బొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది, తండ్రి ఫోన్లో షాపువాళ్లతో గొడవపడుతుంటాడు. "మా దగ్గరున్నప్పుడు బాగానే ఉందండీ" అంటారు వాళ్లు. అదీ నిజమే. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. శనివారం కొన్న పిల్ల మరో శనివారానికి ఆ బల్ల మీదుంటుంది. అమ్మినవాడు బాధ్యుడు కాడు, తెచ్చిన పార్టీ ఎవరో తెలియదు, కొన్నవాళ్లు ఏడుస్తారు.

ఇదంతా షాపువాళ్ల దురాశ అని తేల్చేయను. చిన్నపిల్లనే కావాలని అడిగేది మనం. "చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మచ్చికవుతుంది గురూగారూ" అని ఎంతమంది అన్నారో! మూడు నెలల పిల్లను చూపిస్తే పెద్దదైపోయిందంటారు. కుక్క మనిషికి మచ్చికయ్యే కాలం మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా ఉంటుంది. తొమ్మిదో వారంలో వచ్చిన పిల్ల మనల్ని ఏమాత్రం తక్కువగా ప్రేమించదు. అయినా అద్దాల గదిలో ప్రతి రోజూ ఒక పిల్ల ధర తగ్గుతుంది, కాబట్టి అది ఇంకా చిన్నదిగా ఉండగానే రావాలి, తొందరగా వెళ్లిపోవాలి. ఎంత మంచివాడు నడిపినా ఆ కొట్టు లెక్క మారదు. షాపుల్లో కుక్కపిల్లల్ని, పిల్లికూనల్ని అమ్మనివ్వకూడదని నేననడానికి కారణం అదే.

మన ఊరి వాతావరణం కూడా పట్టకుండా అమ్ముతారు. మే నెల ఉక్కపోతలో, చొక్కా ఆరని తేమలో, గాజువాక మూడో అంతస్తు ఫ్లాట్‌లో సైబీరియన్ హస్కీ! మంచులో బండి లాగడానికి రెండు పొరల బొచ్చుతో తయారైన జంతువు. 2003లో పగ్ కుక్కతో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక దేశమంతా పగ్‌లు కొన్నారు. నొక్కుకుపోయిన ఆ ముక్కుతో తేమ గాలిలో అది ఎంత కష్టపడి ఊపిరి తీస్తుందో రాత్రి పక్కన పడుకుని వింటే తెలుస్తుంది. ఇక మనది బదిలీల ఊరు. నేవీ, పోర్టు, రైల్వే, స్టీల్‌ప్లాంట్. క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు సామాను లారీ ఎక్కుతుంది, కుక్క గేటు బయట నిలబడుతుంది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చినప్పుడు, పదకొండు రోజులకే వాటిని సవరించినప్పుడు, దేశమంతా వీధి కుక్కల గురించే మాట్లాడుకుంది. ఆ వీధిలోకి మెడలో పట్టీతో సహా వచ్చి చేరే స్పిట్జ్‌ల గురించి పెద్దగా మాట వినపడలేదు.

వీధి కుక్కకైనా ఒక కాలం ఉంది. అవి జతకట్టే చిత్తకార్తె అంటే అక్టోబరు మధ్య. అక్కడి నుంచి 63 రోజులు లెక్కపెట్టండి, ధనుర్మాసం వస్తుంది. సంక్రాంతికి ఏ సందులో చూసినా ఆగి ఉన్న ఆటో కిందో, ఇసుక కుప్ప పక్కనో నెల పిల్లలుంటాయి, తల్లి ఎదురుగానే ఉంటుంది. షాపు పిల్లలకు కార్తె లేదు. ఎండాకాలం సెలవులకూ ఉంటాయి, దీపావళికీ ఉంటాయి. వాటి తల్లులు ఏడాది పొడుగునా ఎక్కడో వంతులవారీగా ఈనుతూనే ఉన్నాయన్నమాట.

నాతో వాదించే మిత్రులు ఒక మాటంటారు: షాపుకైతే తలుపుంది, బోర్డుంది, తనిఖీకి వెళ్లొచ్చు, షాపు మూయిస్తే వ్యాపారమంతా వాట్సాప్‌లోకి పోతుంది, అక్కడ ఎవరిని పట్టుకుంటారు? బలమైన మాటే, తేలిగ్గా కొట్టిపారేయలేను. కానీ వాట్సాప్ అమ్మకం ఇప్పటికే ఉంది, షాపు ఉండటం వల్ల అదేమీ తగ్గలేదు. పైగా తలుపు తట్టి లోపలికెళ్లిన అధికారికి షాపులో కనిపించేది పిల్ల ఒక్కటే. చూడాల్సింది తల్లిని. అది ఆ చిరునామాలో ఉండదు. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి అమలవుతున్న చట్టం సరిగ్గా ఇక్కడే పట్టుకుంది: ఆరు నెలల లోపు కుక్కపిల్లనుగానీ పిల్లికూననుగానీ మధ్యవర్తి అమ్మడానికి వీల్లేదు. పెంచినవాళ్ల దగ్గరికే వెళ్లాలి, లేదా షెల్టర్ నుంచి తెచ్చుకోవాలి. వేల్స్‌లో ఒక పప్పీ ఫారం నుంచి 2013లో బయటపడ్డ లూసీ అనే ఆడకుక్క పేరే ఆ చట్టానికి పెట్టుకున్నారు. ఫ్రాన్స్ 2024 జనవరి 1 నుంచి షాపుల్లో కుక్కలు, పిల్లుల అమ్మకం ఆపేసింది. కాలిఫోర్నియాలో 2019 నుంచి షాపులు షెల్టర్ల నుంచి వచ్చిన కుక్కల్నే, పిల్లుల్నే ఇవ్వాలి.

మనకూ అదే దారి కుదురుతుంది. షాపు ఆదాయం మేతలో, గొలుసుల్లో, మందుల్లో, స్నానాలు చేయించి బొచ్చు కత్తిరించడంలో బాగానే ఉంది, ఆ వ్యాపారం ఎవరూ ఆపక్కర్లేదు. అద్దాల గది స్థానంలో ఆదివారం ఆదివారం దత్తత శిబిరం పెట్టొచ్చు. 1996 నుంచి ఈ ఊళ్లో పనిచేస్తున్న విశాఖ ఎస్‌పీసీఏ లాంటి సంస్థల దగ్గర ఇల్లు దొరక్క ఎదురుచూసే జంతువులకు లోటు లేదు.

కేంద్రం నిబంధన మార్చేదాకా రాష్ట్ర బోర్డు, నగరపాలక సంస్థ జీవీఎంసీ, పశుసంవర్ధక శాఖ కలిసి చేయగలిగింది ఒకటుంది. ప్రతి షాపు అద్దం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో మూడు లైన్లు రాయించాలి: షాపు రిజిస్ట్రేషన్ నంబరు, ఈ పిల్ల పుట్టిన తేదీ, దాని తల్లి ఉన్న చోటు, పెంచినవారి రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. మూడో లైను నింపలేని పిల్ల ఆ అద్దం వెనక ఉండకూడదు. కొనబోయేవాళ్లు ఆ మూడో లైనులో ఉన్న చోటికి ఒకసారి వెళ్లి తల్లిని చూసి రావాలి. పొదుగు వేలాడుతూ, బొచ్చు రాలి, మనిషిని చూసి మూలకు నక్కే తల్లి కనిపిస్తే, ఎంత ముద్దొచ్చినా ఆ పిల్లకు డబ్బు కట్టకుండా వచ్చేయాలి. అక్కడ జాలిపడి కట్టే డబ్బుతోనే ఆ తల్లికి మళ్లీ క్రాసింగ్ చేయిస్తారు.