భంగిమపై హక్కు: పుష్పమాల ఛాయాచిత్రాలు, పెళ్ళిచూపుల ఫొటో, సిల్క్ స్మిత

ఏలూరు, తాడేపల్లిగూడెం స్టూడియోలలో తీసే పెళ్ళిచూపుల ఫొటోకు ఒక వ్యాకరణం ఉంది. నిలువెత్తు రూపం, భుజం మీదుగా ముందుకు వేసిన జడ, నిండుగా కప్పిన పైట, కొలిచినట్లున్న చిరునవ్వు. చామనఛాయను తెల్లబరచడం టచింగ్ చేసేవాడి పని. అమ్మాయికంటే ముందు ఆమె ఫొటో వరుని ఇంటికి చేరుతుంది. ఎత్తూ రంగూ అక్కడే చర్చకు వస్తాయి.

బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., ఛాయాచిత్రకారిణి క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య రూపొందించిన 'నేటివ్ ఉమెన్ ఆఫ్ సౌత్ ఇండియా: మానర్స్ అండ్ కస్టమ్స్' ఛాయాచిత్ర శ్రేణి ఇటువంటి వ్యాకరణాలనే బట్టబయలు చేసింది. పుష్పమాల రవివర్మ లక్ష్మిగా నిలిచారు. కొరడా పట్టిన జయలలిత సినిమా స్టిల్‌ను, పత్రికకెక్కిన నేరస్తురాలి ఫొటోను పునరభినయించారు. గళ్ళ తెర ముందు శరీర కొలతలకు నిలబెట్టిన తోడా స్త్రీ అయ్యారు. ఒకే దేహం దేవతగా, తారగా, నేరస్తురాలిగా మారడంతో వీటి మధ్య తేడా ఆహార్యానికే పరిమితమని తేలుతుంది. ఆ గళ్ళ తెరకూ స్టూడియోలోని రంగుల తెరకూ దూరం తక్కువే.

జయప్రభ 'చూపులు', 'పైటని తగలెయ్యాలి' కవితలు, 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనం ఈ చూపును ముందే ప్రశ్నించాయి. అయితే కవిత చూపును ఎదిరించి మాట్లాడగలదు. ఛాయాచిత్రం చూపుకు లోబడుతూనే దాన్ని ఎదిరించాలి. పుష్పమాల ఎంచుకున్నది ఈ కష్టమైన దారి.

ఆ దారికీ ఒక హద్దుంది. అది ఏలూరు సమీపంలోని కొవ్వలి దగ్గర కనిపిస్తుంది. అక్కడ పుట్టిన విజయలక్ష్మి చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. మద్రాసు చేరి ఇతర నటీమణుల ముఖాలకు టచప్ చేసిన ఆమెకు, 1980 నాటి తమిళ చిత్రం 'వండిచక్రం'లోని పాత్ర పేరు 'సిల్క్' చేరి సిల్క్ స్మిత అన్న పేరు స్థిరపడింది. చిత్రీకరణ ముగియగానే పుష్పమాల వేషం తీసివేయగలరు. స్మితకు ఆ వీలు లేకపోయింది. 1996లో ఆమె మరణించాక కూడా ఆ వేషమే మిగిలింది. వ్యంగ్యానుకరణ ఒక వెసులుబాటు అన్న సంగతిని విమర్శ తరచు విస్మరిస్తుంది. అయినా స్మిత స్టిల్స్‌లో కెమెరాను సూటిగా చూసే కళ్ళు కొన్ని ఉన్నాయి. పెళ్ళిఫొటోలోని అప్పగింత ఆ చూపులో లేదు.

కొల్లేటి సీమకు కెమెరాల కొరత లేదు. ఆటపాక గూడబాతుల కోసం ఏటా వస్తూనే ఉంటాయి. చేపల చెరువు గట్టు మీద పనిచేసే స్త్రీ మాత్రం ఏ ఫ్రేములోనూ నడిమికి రాదు. పునరభినయానికి ముందుగా ఒక పాత బొమ్మ కావాలి. ఆమెకు అటువంటి బొమ్మ లేదు.