పఠనావగాహన: ‘దిద్దుబాటు’ కథను చదివే తీరు

పఠనావగాహన అంటే చదివినది అర్థం చేసుకోవడం అని సులభంగా చెప్పేస్తాం. ఏది అర్థం కావాలి, ఎంతవరకు అర్థం కావాలి అన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథనే తీసుకుందాం. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడిన ఈ కథ మీలో చాలామందికి ఏదో ఒక తరగతిలో పాఠ్యాంశంగా ఎదురై ఉంటుంది. దీనిపై సాధారణంగా అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయి? గోపాలరావు భార్య పేరేమిటి? ఆమె ఉత్తరంలో ఏమని రాసింది? కథ ఇచ్చే సందేశం ఏమిటి? ఈ మూడింటికీ గైడులోని అరపేజీ సారాంశం చాలు, కథ తెరవనక్కరలేదు. దూరవిద్య విద్యార్థికి ఇది మరింత నష్టం. పక్కన ఉపాధ్యాయుడు ఉండడు, సంపర్క తరగతులు కొద్ది, చేతిలో ఉన్నది పుస్తకం ఒక్కటే. ఆ ఒక్కదానికీ సారాంశం అడ్డు వస్తే ఇక చదవడానికి మిగిలేదేముంది?

సారాంశం అన్ని కథలకూ సమానంగా హాని చేయదు. ఈ కథకు మాత్రం గట్టి దెబ్బే. వేశ్య పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు, అగ్గిపుల్ల వెలుగులో మంచం మీద చూస్తాడు. కమలిని లేదు. ఉత్తరం దొరుకుతుంది. పుట్టింటికి వెళుతున్నానని అందులో ఉంటుంది. నౌకరు రాముడితో మాట్లాడతాడు, బాధపడతాడు, ఆమెను తీసుకురావడానికి రాముణ్ణి పంపబోతాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వూ, గాజుల చప్పుడూ వినిపిస్తాయి. ఆ నవ్వు దగ్గరికి వచ్చిన పాఠకుడు వెనక్కి తిరిగి కథంతా మళ్లీ చూడవలసి వస్తుంది. గదిలో ఇద్దరున్నారనుకున్నాం, ముగ్గురున్నారు. గోపాలరావు రాముడితో అన్న ప్రతి మాటా కమలిని విన్నది. ముగింపు ముందే తెలిసిపోయిన విద్యార్థికి ఈ వెనుచూపు దొరకదు. పఠనావగాహనలో విలువైన పని, అంటే కొత్తగా తెలిసినదానితో పాతదాని అర్థాన్ని సరిచూసుకోవడం, అతను చేయకుండానే జరిగిపోతుంది.

ఉత్తరం దగ్గర కొంచెం ఆగండి. ఈ కథలో ఉత్తరం కూడా ఒక పాఠ్యమే, గోపాలరావు దాని పాఠకుడు. అతను ఎలాంటి పాఠకుడు? ఒక విషయం చప్పున పట్టుకుంటాడు: ‘ప్రియా’ అని ఉండవలసిన చోట ‘అయ్యా’ అని ఉంది. సంబోధన మారితే సంబంధం మారిందని గ్రహించాడు, మంచి పాఠకుడి లక్షణమే. పక్కన ఉన్న రాముడు ‘ప్రియ’ను ‘పెయ్య’గా విని, దూడ పోయిందా అని అడుగుతాడు. దీన్ని నవ్వులాటగా వదిలేస్తుంటారు. ఒకే మాటను వినేవాడి జీవితం ఎలా మార్చి వింటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అవగాహన పాఠాల్లో నాకు కనబడలేదు.

అయితే గోపాలరావు సంబోధన దాటి లోపలికి వెళ్లలేదు. ఆ ఉత్తరం గ్రాంథిక భాషలో, ఎంతో వినయంగా ఉంటుంది. తాను ఇంట్లో ఉండటం వల్లే భర్త అబద్ధాలాడవలసి వస్తోంది కనుక, దారికి అడ్డు లేకుండా తప్పుకోవడమే భార్య ధర్మమని ఆమె వాదన. వాచ్యార్థంలో చూస్తే ఇది పతివ్రత మాట. వ్యంగ్యార్థంలో అబద్ధాలకోరు అని మొహం మీద అనడమే. పతిభక్తి పదజాలాన్నే తీసుకుని పతి మీదికి తిప్పింది. చదువుకున్న గోపాలరావుకు అందులోని నొప్పి అందింది గాని చమత్కారం అందలేదు. అందుకే మంచం మీద చూసినవాడికి మంచం కింద చూడాలన్న ఆలోచన రాలేదు.

స్త్రీ విద్య మీద గోపాలరావు మాటలు ఇంకొక చిక్కు. ఆడవాళ్లకు రాతకోతలు నేర్పితే ఇలాగే ఉంటుందన్న అర్థంలో రాముడు సణుగుతాడు, గోపాలరావు చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తుతాడు. చాలా జవాబుపత్రాలు ఈ మాటలను ‘గురజాడ అభిప్రాయాలు’ అనే శీర్షిక కింద యథాతథంగా ఎక్కిస్తాయి. గురజాడ స్త్రీ విద్యను కోరిన మాట నిజమే. కాని ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు? చదువుకున్న భార్యతో కొన్నాళ్లుగా అబద్ధాలాడి, ఇప్పుడే పాట విని వచ్చిన మనిషి. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చూడకుండా మాటను రచయిత ఖాతాలో వేయడం అవగాహన లోపమే. దానికి మార్కులు పడుతున్నాయంటే లోపం ప్రశ్నపత్రంలోనూ ఉందన్నమాట.

ఇది తెలుగులో తొలి కథా, భండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధన త్రయోదశి’ తొలి కథా అన్న చర్చకు సాహిత్య చరిత్రలో చోటుంది. ‘దిద్దుబాటు’ మీద పది మార్కుల జవాబులో సగం పేజీ దానికే పోవడం మాత్రం అనవసరం.

అభ్యాసానికి ఇలా చేసి చూడండి. మొదట ఉత్తరం వరకు చదివి పుస్తకం మూయండి. కమలిని ఎలాంటి మనిషి అనిపించిందో నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత చివరిదాకా చదివి ఆ నాలుగు వాక్యాల్లో మార్చవలసినవి మార్చండి. మూడోసారి, ఆమె మంచం కింద ఉండి వింటున్నదన్న ఎరుకతో గోపాలరావు, రాముడుల సంభాషణ ఒక్కటే చదవండి. భర్త చెప్పినట్టు వినకపోతే అతను వేశ్యను ఉంచుకుంటాడని అమ్మగారికి చెబుతానంటాడు రాముడు. అది అమాయకంగా అన్నదా? ఆమె అక్కడే ఉందని అతనికి ముందే తెలుసా? రెండు పక్షాలకూ కథలోని మాటలనే ఆధారాలుగా వెతికి, పేజీ అంచున గుర్తులు పెట్టుకుని సంపర్క తరగతికి తీసుకురండి.