రెండోసారి చదివించండి

ఔత్సాహిక నాటక సమాజాల్లో వేషాలు పంచే తీరు చాలాచోట్ల ఒక్కలాగే ఉంటుంది. వచ్చినవాళ్లను వరసగా పిలిచి, ‘ఏదీ, ఏదైనా ఒకటి చెప్పు’ అంటారు. వాళ్లు తమకు బాగా నోటికొచ్చిందే చెబుతారు. తరచుగా అది ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుడి డైలాగే అవుతుంది. ఆ సినిమా 1977లో వచ్చింది. అప్పటికి పుట్టని కుర్రాళ్లు కూడా దాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. విన్నవాళ్లు ముచ్చటపడతారు, వేషం ఖాయమవుతుంది. ఇంతా చేసి ఆ మనిషి గురించి మనకు తెలిసిందేమిటి? జ్ఞాపకశక్తి ఉంది, ఊపిరి ఉంది. ఎదుటి పాత్ర మాట వింటాడా, దర్శకుడు చెప్పింది అందుకుంటాడా, అందుకుని తన ధోరణి మార్చుకుంటాడా అన్నది మాత్రం తెలియలేదు. నాటకం నిలబడినా పడిపోయినా వాటి మీదే. అందుకని నేననేది ఇది: మొదటిసారి చదివినదాన్ని చూసి వేషం ఇవ్వకండి. ఒక్క సూచన ఇచ్చి అదే సన్నివేశాన్ని రెండోసారి చదివించండి. మొదటిదానికీ రెండోదానికీ ఎంత తేడా వచ్చిందో చూసి ఇవ్వండి.

సమాజ నాటకంలో నటులు పొద్దంతా ఆఫీసులోనో బడిలోనో దుకాణంలోనో పనిచేసి రిహార్సల్‌కి వస్తారు. నెలో నెలన్నరో సాగే ఆ సాయంత్రాల్లోనే పాత్ర తయారవుతుంది. సినిమాకైతే టేకులున్నాయి, ఎడిటింగ్ ఉంది. ఎంపిక రోజున కనబడినదాన్ని ఉన్నదున్నట్టు వాడుకున్నా అక్కడ నడుస్తుంది. ఇక్కడ నడవదు. నటుడు ఇవాళ ఎక్కడున్నాడో మొదటి చదువులో తెలుస్తుంది. ప్రదర్శన నాటికి ఎక్కడికి చేరతాడో రెండోదాంట్లో కొంతైనా తెలుస్తుంది. మొదటి రోజే మెరిసినవాడు చివరి రోజుకి కూడా అదే మెరుపు దగ్గర ఆగిపోతే, చుట్టూ ఉన్నవాళ్లు ఎదిగిపోయి అతనే నాటకానికి బరువవుతాడు. దర్శకుల్లో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఎంపిక రోజున మెరుపుకే లొంగిపోతారు.

‘కన్యాశుల్కం’ మొదటి అంకంలో మధురవాణి ఇంటి సన్నివేశం తీసుకోండి. ఈ పరీక్షకు అంతకన్నా మంచి పాఠం నాకు తోచదు. రామప్పపంతులు మంచం కింద దూరి ఉంటాడు. ఆ సంగతి తెలియని గిరీశం లోపలికొచ్చి మాట కలుపుతాడు. కాసేపటికి పూటకూళ్లమ్మ చీపురుకట్టతో దిగుతుంది. మధురవాణికి, గిరీశానికి ఇద్దర్ని పెట్టి చదివించండి. మూడో మనిషిని పంతులుగా నిజంగానే బల్ల కింద కూర్చోబెట్టండి. ఒకసారి పూర్తయ్యాక మధురవాణి చదివిన అమ్మాయితో ఇంతే చెప్పండి: ‘గిరీశాన్ని వీలైనంత తొందరగా సాగనంపాలి, కానీ ఆ తొందర అతనికి తెలియకూడదు.’ ఈసారి ఏం మారిందో గమనించండి. ఒకామె గొంతు పెంచుతుంది, అంతే. ఇంకొకామె అక్షరం పొల్లుపోకుండా మొదటిసారి చదివినట్టే చదువుతుంది, బహుశా ఎక్కడో చూసిన ప్రదర్శన ఆమె చెవిలో నాటుకుపోయి ఉంటుంది. మూడో ఆమె రెండుచోట్ల మాట తడబడుతుంది గానీ, చూపు ఒక్కసారి మంచం వైపు వెళ్లి చప్పున వెనక్కి వస్తుంది. వేషం ఆ మూడో ఆమెకివ్వాలి. తడబాటును రిహార్సళ్లు సరిచేస్తాయి. ఎవరూ చెప్పకుండానే ఆ చూపు తట్టిన బుద్ధిని ఏ రిహార్సలూ ఇవ్వలేదు. ఇక బల్ల కిందివాడికి ఆ కాసేపూ చెప్పడానికి పెద్దగా మాటలేమీ లేవు. పైన తన గురించి అన్న ప్రతి మాటకీ అతని ముఖంలో ఏదైనా కదిలిందా, లేక తన వంతు ఎప్పుడొస్తుందా అని స్క్రిప్టు వైపు చూస్తున్నాడా? ఆ ఒక్క సన్నివేశంలో ముగ్గురినీ తూచవచ్చు.

‘అసలు ముఖం చూస్తేనే తెలిసిపోతుంది కదా, పాత్రకు సరిపోతాడో లేదో’ అనేవాళ్లున్నారు. ఆకారానికి విలువ లేదని నేననను. భరతుడి నాట్యశాస్త్రం కూడా ఏ ఆకృతి ఏ పాత్రకు నప్పుతుందో వివరంగా చెప్పింది. కానీ వయసుకు తగ్గ పాత్ర వేయడంతో పాటు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల వేషం కట్టడాన్నీ పురుషుడు స్త్రీ పాత్ర ధరించడాన్నీ కూడా ఆ గ్రంథం ఒప్పుకుంది. మన రంగస్థల చరిత్ర అందుకు సాక్ష్యం. చంద్రమతి వేయాల్సిన నటుడు రాకపోవడంతో ఆ లోటు పూడ్చడానికి ముందుకొచ్చిన స్థానం నరసింహారావు ఆ తర్వాత సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా తెలుగుదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంకా దగ్గరి ఉదాహరణ జె.వి.సోమయాజులు. రెవెన్యూ ఉద్యోగం చేసుకుంటూనే నాటకాలాడిన ఆయన ‘కన్యాశుల్కం’లో రామప్పపంతులు, తమ్ముడు రమణమూర్తి గిరీశం. జిత్తులమారి, స్త్రీలోలుడు అయిన ఆ పంతుల్ని చూసి ‘ఈయన ఇలాంటి వేషాలకే’ అని ముద్ర వేసి ఉంటే, 1980లో ‘శంకరాభరణం’ శంకరశాస్త్రి ఎక్కణ్నుంచి వచ్చేవాడు? ముఖం ఒకటే, గొంతు ఒకటే. ఆ మనిషి ఎంత దూరం మారగలడన్నదే తేడా.

చదివించడమంటే గడగడా చదవగలగడం అనుకోకూడదు. ఇది మనవాళ్లు తరచుగా మర్చిపోయే విషయం. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో తెలుగు సంఘం నాటకం వేస్తే ముందుకొచ్చే పిల్లల్లో ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు చదవలేనివాళ్లుంటారు. ఇక్కడ ఊళ్లలోనూ బడి తొందరగా మానేసి, పద్యం మాత్రం విని పట్టేసే నటులున్నారు. కాగితం చేతికిచ్చి చదవమంటే ఇద్దరూ ఒకలాగే ఓడిపోతారు. వాళ్లకు వాక్యం మనమే చెప్పి, తిరిగి చెప్పించాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు పెద్దల ఆట చూస్తూ, మాట వింటూ నటులయ్యారు. చెవితో నేర్చిన నటన ఒక సంప్రదాయాన్ని నూరేళ్లకు పైగా నడిపించాక, చదవలేడని ఒకణ్ని తిప్పి పంపడం అన్యాయం.

పద్యనాటకాల వాళ్ల అభ్యంతరం మాత్రం బలమైనది. శ్రుతి నిలవనివాడికి నెలన్నరలో శ్రుతి నేర్పలేం. ‘పాండవోద్యోగం’లో కృష్ణుడికి పద్యం రాకపోతే రెండోసారి చదివించి ప్రయోజనమేమిటి అంటారు. నిజమే, అక్కడ గొంతు ముందు షరతు, హార్మోనియం పక్కన తేలాల్సిందే. కానీ అది తలుపు మాత్రమే, లోపలికొచ్చాక పరీక్ష మళ్లీ అదే. శ్రుతి ఉన్న ఇద్దరు ముగ్గురు మిగిలాక, చివర రాగం సాగదీయకుండా ఎదుట కర్ణుడున్నాడనుకుని అదే పద్యం చెప్పమనండి. మాట విరిచే చోటు మారిందా? రాగం తీసేస్తే కొందరి పద్యంలో ఏమీ మిగలదు. కొందరిది అప్పుడే అర్థంతో వెలుగుతుంది. బళ్లారి రాఘవ రాగాలాపన కంటే పాత్ర మనసుకే పెద్దపీట వేశారని ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే, ప్రేక్షకుడికీ ఆ తేడా తెలుస్తుందనే కదా.

టైం చాలదన్న మాట కూడా వినిపిస్తుంది. ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి నిలువెడు డైలాగు వినే బదులు ఇద్దరిద్దర్ని కలిపి ఒక పేజీ చదివిస్తే ఆ టైం అక్కడే కలిసొస్తుంది. అసలు చిక్కు టైం కాదు, మొహమాటం. చందా ఎక్కువిచ్చిన పెద్దమనిషి, ఇరవయ్యేళ్లుగా హీరో వేషం కడుతున్న సీనియర్, కార్యదర్శిగారి మేనల్లుడు: వీళ్లను చదవమనడానికే నోరు రాదు. అందుకే వాళ్లతో సహా అందర్నీ, అందరి ఎదుటా, ఒకే పేజీ చదివించడం మేలు. దర్శకుడు నోరు విప్పి కాదనక్కర లేదు. విన్నవాళ్లకే తెలిసిపోతుంది, చాలాసార్లు చదివినవాళ్లకూ తెలిసిపోతుంది. పరిషత్తు నాటికల్లో ఇంకో చిక్కుంది. నటీమణులు తక్కువ. ఉన్న కొద్దిమందీ పారితోషికం మీద పలు సమాజాలకు ఆడుతూ ఊరూరూ తిరుగుతుంటారు, చివరి రిహార్సళ్లకే అందుతారు. వాళ్ల బతుకుతెరువు అది, తప్పుపట్టే పనిలేదు. అలాంటి నటికి ఆడిషన్ పెట్టలేం. కానీ ఆమె వచ్చి తన తీరులో డైలాగు అందుకున్న క్షణాన, నెల్లాళ్లుగా పట్టుకున్న లయను వదిలి ఆమెతో నడవగలవాడే ఎదురుగా ఉండాలి. కాబట్టి నటి ఆలస్యంగా వచ్చే నాటికలోనే మగపాత్రల ఎంపికలో రెండో చదువు అవసరం మరీ ఎక్కువ.

వేషం రానివాళ్ల విషయంలోనూ ఈ పద్ధతి అక్కరకొస్తుంది. ఊళ్లో సమాజమంటే రేపు తెర లాగడానికీ, లైట్లు పట్టడానికీ, వచ్చే ఏడు నాటకానికీ మళ్లీ వాళ్లే కావాలి. ఎంపికైనవాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, మిగిలినవాళ్లకు ఒక్కొక్కరికీ దర్శకుడే ఫోన్ చేయాలి. ఒక్కసారే విని పంపేస్తే ఆ ఫోన్‌లో ‘పాత్రకు సరిపోలేదు’ అనడం తప్ప చెప్పడానికేమీ ఉండదు, ఆ మాట ముఖం మీద తలుపేసినట్టుంటుంది. రెండుసార్లు విన్నవాడికి చెప్పడానికి పనికొచ్చే మాటుంటుంది: ‘నువ్వు అవతలివాడి మాట పూర్తికాకముందే నీ డైలాగుకి సిద్ధమైపోతున్నావు. రిహార్సళ్లకు రా, ప్రాంప్టింగ్ చెయ్యి, అందరి మాటలూ వినడం అలవాటవుతుంది.’