చక్కెరకు నిషిద్ధాక్షరి

నూజివీడు చిన్నరసాన్ని చాకుతో కోసుకు తినేవాళ్ళను చూస్తే నాకు జాలి. దాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా నలపాలి. లోపల గుజ్జు కదలడం వేళ్ళకు తెలియాలి. ముచ్చిక కొరికి, నాలుగు సొనబొట్లు పిండి పారబోసి, అప్పుడు నోటికి పెట్టుకోవాలి. మొన్న వేసవిలో బాబాయి తోటలో అలా తింటుంటే, రాలి పగిలిన పండొకటి కాలి దగ్గర కనబడింది. రెండు రోజుల నాటిది. వంగితే లేతకల్లు వాసన. మనం ఆలస్యం చేస్తే ఈస్టులూ బాక్టీరియాలూ ఆ తీపిని వదిలిపెట్టవు. వాటి భోజనంలోనూ రసముంది. నా మట్టుకు, చిన్నరసంతో పోటీకి నిలిచే రసం.

అవధానంలో నిషిద్ధాక్షరి విన్నవాళ్ళకు ఈ సొగసు ఇట్టే అందుతుంది. అవధాని ఒక అక్షరం వేస్తాడు. తరవాత రాబోయేది ఫలానా అని పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని మరో అక్షరం మీదుగా వెళ్ళిపోతాడు. ఛందస్సు చెడదు, అర్థం చెడదు. శాస్త్రజ్ఞులు బాక్టీరియాతో ఆడేది ఈ ఆటే. ఒక ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువును తీసేస్తారు, ఇక ఆ అడుగు వేయడానికి లేదు. జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం పేరు మీద 2006లో వెలువడిన సేకరణలో, ఒక్కో జన్యువు చొప్పున తీసేసిన ఇ.కోలై బాక్టీరియా రకాలు 3,985 ఉన్నాయి. అంతమంది పృచ్ఛకులను ఏ సభ భరిస్తుంది?

గ్లూకోజ్ కణంలోకి వస్తూనే ఒక ఫాస్ఫేటు తగిలించుకుంటుంది. తరవాత అది ఫ్రక్టోజ్ రూపం తాల్చాలి. అక్కడి ఎంజైమ్‌ను తీసేస్తే, తూము మూసిన చెరువు నీళ్ళలా చక్కెర పక్క బోదెలోకి, అంటే పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గంలోకి మళ్ళుతుంది. బతుకు సాగుతుంది గానీ ఆ దారిలో ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు అవసరానికి మించి పోగుపడి, ఎదుగుదల బాగా మందగిస్తుంది. ఆ మిగులును మార్చేసే మరో ఎంజైమ్ మోతాదు పెంచితే మళ్ళీ కాస్త ఊపు వస్తుంది. చక్కని పూరణే, కాకపోతే గొంతులో ఆయాసం వినిపిస్తుంది.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. గడ్డిలోనూ కలపలోనూ దాగే జైలోజ్ అనే చక్కెర ఐదు కార్బన్లది. కణం అలాంటివి రెండు తీసుకుని, పదింటిని ఏడూ మూడుగా విడగొడుతుంది. ట్రాన్సాల్డొలేజ్ అనే ఎంజైమ్ ఆ ఏడునూ మూడునూ ఆరూ నాలుగుగా సర్దుతుంది. ఎటు కూడినా పదే. గణం తప్పని పద్యపాదం!

ఇప్పుడు ట్రాన్సాల్డొలేజ్ నిషిద్ధం. ఇ.కోలైలో దానికి జన్యువులు రెండు, రెండూ తీసేశారు. పాఠ్యపుస్తకాల ప్రకారం ఏడు కార్బన్ల చక్కెర దగ్గర దారి మూసుకుపోవాలి. అది పోగుపడింది, నిజమే. బాక్టీరియా మాత్రం జైలోజ్ తింటూ పెరుగుతూనే ఉంది. ఎలా? 2009లో నకహిగషి బృందం గుట్టు విప్పింది. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ ఆరు కార్బన్ల చక్కెరకు రెండో ఫాస్ఫేటు తగిలిస్తుంది, ఆల్డొలేజ్ దాన్ని మూడూ మూడుగా కత్తిరిస్తుంది. రోజూ చేసే పని అదే. ఏడు కార్బన్లది గుట్టగా పేరుకునేసరికి మొదటిది దానికీ ఫాస్ఫేటు తగిలించింది, రెండోది దాన్ని మూడూ నాలుగుగా కత్తిరించింది. కొత్త ఎంజైమ్ పుట్టలేదు, పాత కత్తెర పక్కకు జరగనూ లేదు. మూడు దగ్గరే తెగింది, అవతల మిగిలింది నాలుగైంది, అంతే. ఆ నాలుగుకు మరో ఐదు కలిస్తే ఆరూ మూడూ. చక్కెర తిరిగి రాజబాట ఎక్కింది.

ఈ పూరణ మొదటిసారి చదివినప్పుడు, అవధాని ముందు కూర్చున్నవాడిలా పైకే ‘భళా’ అన్నాను. పక్కన టెంక చీకుతున్న మా బాబాయి తలెత్తి, పండు అంత బాగుందా అన్నాడు.

ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ పేరులో ఉన్నది ఆరు కార్బన్ల ఫ్రక్టోజే. ఏడు ఊసు ఇప్పటికీ లేదు.