పాత పంచె తెర, పక్కన వంతపాట: కూర్మన్నపాలెంలో వేసవి కళాశిబిరం

బడులకు సెలవులిచ్చేశాక విశాఖపట్నం శివారు కూర్మన్నపాలెంలో పిల్లలు పగలంతా ఎక్కడ గడపాలన్నది చిన్న సమస్య కాదు. ఈ మధ్య ఏళ్లలో మన రాష్ట్రంలో ఏప్రిల్ 24న సెలవులు మొదలై జూన్ 12న బడి తెరుస్తున్నారు. దాదాపు ఏడు వారాలు. ఒక పక్క జాతీయ రహదారి, దాని మీద ఆగకుండా లారీలు. ఇంకో పక్క ఉక్కు కర్మాగారం. పదింటికల్లా డాబా మీద కాలు పెట్టలేం. కర్మాగారం టౌన్‌షిప్ ఉక్కునగరం లోపల చెట్లున్నాయి, మైదానాలున్నాయి. బయట అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి దొరికే నీడ అపార్టుమెంటు సెల్లారు ఒక్కటే. అక్కడా బళ్లు నిలిపి ఉంటాయి. దీనికి తోడు ఈ ఊళ్లో చాలా ఇళ్లు షిఫ్టుల మీద నడుస్తాయి. రాత్రి డ్యూటీ దిగొచ్చిన తండ్రి పగలు నిద్రపోతుంటే పిల్లలు గట్టిగా నవ్వడానికి కూడా లేదు.

అందుకే మే నెలలో కూడలి చుట్టూ వేసవి శిబిరాల ఫ్లెక్సీలు వెలుస్తాయి. డ్రాయింగు, డాన్సు, కీబోర్డు, కరాటే, అబాకస్, చేతిరాత అన్నీ ఒకే ఫ్లెక్సీ మీద ఉంటాయి. గంటకో క్లాసు, చివర్లో ఒక సర్టిఫికెట్టు. వాటిని నడిపేవాళ్ల కష్టం నాకు తెలుసు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసి, గది అద్దె కట్టి, ఒక్కొక్కరి అల్లరీ భరించాలి. అయినా నాకొక అభిప్రాయం గట్టిగా ఉంది. గంటకో కళ చొప్పున రుచి చూపిస్తే పిల్లలకి ఏదీ మిగలదు. పదిమంది కలిసి ఒక్క పనిని మొదలుపెట్టి, చెడగొట్టి, బాగుచేసుకుని, చివరిదాకా తీసుకెళ్లినప్పుడే శిబిరానికి అర్థం. ఆ పని ఎలా చేయించాలో నేర్పే పద్ధతులు మన జానపద కళల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వేరే దేశాల పుస్తకాల్లో వెతకనక్కర్లేదు.

తెలుగునాట పిల్లల్ని ఒకచోట చేర్చి ఆట, పాట, కథ, నాటకం కలిపి నేర్పిన పెద్ద ప్రయత్నం రేడియో అన్నయ్యది. న్యాయపతి రాఘవరావుగారు బరంపురంలో పుట్టి, మద్రాసులో స్థిరపడి, ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడిపారు. భార్య కామేశ్వరిగారు రేడియో అక్కయ్య. ఇద్దరూ కలిసి 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథ ఆ పత్రికలోనే అచ్చయింది, బాపుగారు చిన్నప్పుడు బొమ్మలు వేసిందీ ఆ పత్రికకే. తర్వాత సంఘం హైదరాబాదుకు వచ్చింది. అన్నయ్య 1984లో కన్నుమూశారు. ఆ దంపతులు పిల్లల్ని ప్రేక్షకులుగా కూర్చోబెట్టలేదు. మైకు ముందు నిలబెట్టి మాట్లాడించారు, వాళ్లు రాసింది అచ్చువేశారు. పిల్లవాడి పని పదిమందికీ చేరుతుందన్న నమ్మకం ముందు కలిగించి, ఆ తర్వాత మెలకువలు చెప్పారు. ఈ వరస ముఖ్యమని నేననుకుంటాను.

మన గ్రంథాలయాల్లో వేసవిలో జరిగే విజ్ఞాన శిబిరాల్లోనూ ఆ వరస కాస్త కనిపిస్తుంది. ముందు కథ చదివిస్తారు, ఆ కథకి బొమ్మ వేయిస్తారు, తర్వాత దాన్నే ఆడిస్తారు. పైసా ఖర్చు ఉండదు. ఆ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు.

కూర్మన్నపాలెంలో ఒక ఇంటి పై అంతస్తులో నడుస్తున్న శిబిరానికి ఒక ఉదయం వెళ్లాను. బయట బోర్డు లేదు. లోపల ఇరవైమంది దాకా పిల్లలు నేలమీద బోర్లా పడుకుని కత్తెర్లతో కుస్తీ పడుతున్నారు. తోలుబొమ్మలు చేస్తున్నారు, తోలు లేకుండా.

అసలు తోలుబొమ్మ తయారీ పెద్ద పని. మేకతోలు శుభ్రం చేసి, గీకి గీకి వెలుగు దూరేంత పల్చన చేస్తారు. రెండు వైపులా రంగు వేస్తారు. నగలున్నచోట ఉలితో చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు, దీపం వెనక పెట్టినప్పుడు అవే రవ్వల్లా మెరుస్తాయి. మన ఆంధ్ర బొమ్మలు నిలువెత్తువి, మనిషంత ఉంటాయి. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకి తోలు, ఉలి ఇవ్వలేం కదా. ఇక్కడ మాస్టారు దళసరి డ్రాయింగు కాగితం ఇచ్చారు. బొమ్మ గీసి, రంగులేసి, కత్తిరించాక దూదితో కొబ్బరినూనె రాయించారు. కాగితం కిటికీ వైపు ఎత్తి చూస్తే రంగు గుండా వెలుగు వచ్చింది. ఒక పిల్ల దాన్ని తన మొహానికి అడ్డం పెట్టుకుని గదంతా ఆకుపచ్చగా ఉందని అరిచింది.

ఇందులో కష్టమంతా కీళ్ల దగ్గరే. భుజానికి ఒక ముక్క, మోచేతికి ఒక ముక్క విడిగా కత్తిరించాలి. ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కించి, సూదితో పొడిచి, దారం దూర్చి, అటూ ఇటూ ముడి వెయ్యాలి. ఆ ముడి ఎంత బిగించాలన్నదే అసలు విద్య. బిగిస్తే చెయ్యి కర్రలా నిలబడిపోతుంది. వదిలేస్తే వేలాడుతుంది. ఎనిమిదేళ్ల కుర్రాడొకడు బొమ్మ పట్టుకుని వచ్చాడు.

“మాస్టారూ, నా హనుమంతుడి చెయ్యి ఊగట్లేదండీ.”

“ముడి బిగిసిపోయింది నాన్నా. కొయ్యకు. సూది మొనతో వదులు చెయ్యి.”

“మీరు చెయ్యండి మాస్టారూ.”

“నేను చేస్తే అది నా హనుమంతుడైపోతాడు కదా.”

వాడు వెళ్లి మూలన కూర్చుని చాలాసేపు ఆ ముడితోనే గడిపాడు. ఆయన అటువైపు చూడనైనా లేదు. అలా చూడకుండా ఉండటం ఎంత కష్టమో పిల్లలకి నేర్పేవాళ్లందరికీ తెలుసు. మన చెయ్యి తొందరపడుతుంది, వాడి పని మనమే పూర్తిచేసేస్తాం. ఇంటికి వెళ్లిన బొమ్మ అందంగా ఉంటుంది, వాడికి మాత్రం ఏమీ రాదు.

నడుముకి నిలువుగా చీల్చిన వెదురు బద్ద, చేతులకి చీపురుపుల్లలు కట్టాక తెర కట్టారు. అది ఎవరింటిదో పాత పంచె. వెనక ఒక్క బల్బు. మిగతా దీపాలు ఆర్పి కిటికీలు మూశారు. బొమ్మని తెరకి ఆనిస్తే అంచులు స్పష్టంగా పడతాయి. బల్బు వైపు వెనక్కి జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. ఈ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. హనుమంతుడు పెరిగి పెద్దవాడైపోవడం చూసి పిల్లలే పట్టేశారు. ఆ తర్వాత సముద్రం దాటే ఘట్టంలో ఎక్కడ వెనక్కి జరపాలి, ఎక్కడ తెరకి అంటించాలి అని పెద్ద వాదన. భౌతికశాస్త్రం పాఠంలో నీడల గురించి చదివేనాటికి వీళ్లకి అది చేతులారా తెలిసిన సంగతి అవుతుంది.

తోలుబొమ్మలాటలో కాళ్ల కింద చెక్కబల్లలు పెట్టుకుని యుద్ధం వచ్చినప్పుడు దబదబా తొక్కుతారు. ఆ చప్పుడు లేనిదే రావణుడి రథం కదలదు. బొమ్మ పట్టుకోవడానికి సిగ్గుపడే పిల్లలకి ఇది మంచి పని. మొదటిరోజు నోరు విప్పనివాడు కూడా బల్ల తొక్కమంటే తొక్కుతాడు. మధ్యమధ్యలో నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఉండనే ఉన్నారు. రాముడి మాటలు కంఠస్థం చెయ్యాలి, కేతిగాడి మాటలు పిల్లలు సొంతంగా కట్టుకోవచ్చు. ఇక్కడి కేతిగాడు కూర్మన్నపాలెం కూడలిలో బస్సు కోసం నిలబడి విసుక్కున్నాడు. గదంతా పడీ పడీ నవ్వింది.

నాకు అంతకంటే ఇష్టమైనది బుర్రకథ. దాన్ని ముగ్గురు చెబుతారు. నడుమ కథకుడు భుజాన తంబురా వేసుకుని, వేళ్లకి అందెలు తొడుక్కుని, కథ చెబుతూ అడుగులేస్తాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ వంత పాడతారు. ఒకరు హాస్యం పలికిస్తే ఇంకొకరు లోకం సంగతులు, రాజకీయం ఎత్తుతారు. కథకుడు ఒక మాట అంటే వీళ్లు ‘ఆహా’ అని అందుకోవాలి, ప్రశ్న వెయ్యాలి, అడ్డు తగలాలి. ప్రజా నాట్యమండలి రోజుల్లో ఈ కళని ఊరూరా మోసిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చెప్పిన పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం వినడానికి జనం తెల్లవార్లూ కూర్చునేవారట. 1757లో ఆ యుద్ధం జరిగిన బొబ్బిలి మనకి దూరమేమీ కాదు, పక్క విజయనగరం జిల్లాలోదే.

పిల్లలకి బుర్రకథ ఎందుకు నేర్పాలంటే, అందులో లోపలికి రావడానికి ఒక చిన్న గుమ్మం ఉంది. అదే వంత. కొత్తగా వచ్చిన పిల్లకి మొత్తం కథ రానక్కర్లేదు, పల్లవి అందుకుంటే చాలు. రెండోవారానికి మధ్యలో ఒక ప్రశ్న వేస్తుంది. నాలుగో వారానికి కథకుడు ఊపిరి తీసుకున్నప్పుడు ఒక చరణం తానే చెబుతుంది. వేదిక మీద ఒంటరిగా నిలబెట్టి పాడమంటే గొంతు పెగలని పిల్లకి రెండు పక్కలా తోడు దొరుకుతుంది. వినడం కూడా అలవాటవుతుంది. కథకుడి మాట వినకపోతే ఎక్కడ అందుకోవాలో తెలియదు మరి.

కూర్మన్నపాలెం లాంటి చోట దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయని చెబుతారు. ఆ నిర్వాసిత కుటుంబాల మనవలు ఇక్కడున్నారు. ఉద్యోగానికి వచ్చిన ఒడియా, బెంగాలీ, హిందీ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. తెలుగు అక్షరాలు సరిగా రానివాళ్లు కూడా వంతపాట పాడగలరు. పల్లవి నోటికొచ్చాక మాటలకి అర్థం అడుగుతారు. ఇంట్లో తాతనీ అడుగుతారు. ఖాళీ అయిపోయిన ఊరి పేరు, అక్కడి గుడి, చెరువు, పొలం కథలోకి వచ్చేది అలాగే. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం ఇక్కడివాళ్లకి పాఠ్యపుస్తకంలో పేరా కాదు, ఇంటి కథ. 2021 ఫిబ్రవరి నుంచి ఈ కూడలిలోనే ప్రైవేటీకరణ వద్దంటూ దీక్షలు సాగాయి. బడికి పోతూ ఆ టెంటుని చూసిన పిల్లలు బుర్రకథ కట్టుకుంటే అది అందులోకి రాకుండా ఉంటుందా? రానివ్వాలి. రాజకీయ వంత ఉన్నది అందుకే.

కథ, పాట అయ్యాక ఆట. తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర సొంతం. గుండెలమీద గుండ్రటి తప్పెట కట్టుకుని, నడుముకీ కాళ్లకీ మువ్వలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. తప్పెట వాయించే చేతులు ఒక లెక్కలో, కాళ్లు ఇంకో లెక్కలో నడవాలి. పిల్లలు దీన్ని ముందు తప్పెట లేకుండా, గుండె మీద అరచేత్తో కొట్టుకుంటూ నేర్చుకోవాలి. పొద్దున్నే ఆరున్నరకి, ఎండ ముదరకముందు, డాబా మీద.

ఇక లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక. రహదారి వెంట అనకాపల్లి, యలమంచిలి దాటి వెళితే వరాహ నది ఒడ్డున ఉంటుంది. ఒక్కరోజులో వెళ్లిరావచ్చు. అంకుడు కర్ర చక్రం మీద తిరుగుతుంటే లక్క బద్ద ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుగొస్తుంది. రంగులు చెట్ల నుంచి, గింజల నుంచి, పసుపు నుంచి తీస్తారు. అందుకే పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఆ సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మలకి 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిల్లలు చక్రం తిప్పలేరు, తిప్పకూడదు కూడా. చూడటమే చాలు. లక్క కర్రకి పట్టే ఆ ఒక్క క్షణం చూశాక ప్లాస్టిక్ బొమ్మని చేతిలోకి తీసుకున్నా ఇదెలా చేశారని అడుగుతారు.

చివరిరోజు ప్రదర్శన గురించి నాకు పేచీ ఉంది. చాలా శిబిరాల్లో ఆఖరి వారమంతా దానికే పోతుంది. బాగా చేసేవాళ్లు ముందు వరసలో, మిగతావాళ్లు వెనక చేతులూపుతూ ఉంటారు. అమ్మానాన్నలు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తారు. పోటీలు, మొదటి బహుమతి, రెండో బహుమతి. పిల్లల పనిని పెద్దల కొలతతో చూసే ఈ తీరు డ్రాయింగు క్లాసుల్లోనూ ఉంది. వియన్నాలో 1897లోనే ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన పిల్లల కోసం ఒక చిత్రకళా తరగతి తెరిచాడు. పెద్దవాళ్ల బొమ్మలు చూసి నకలు గీయించడం మానేసి, వాళ్ల బొమ్మ వాళ్లని వెయ్యనిచ్చాడు. అది జరిగి వందేళ్లు దాటింది. మన డ్రాయింగు క్లాసుల్లో ఇంకా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు బోర్డు మీద గీసి చూపిస్తున్నారు. యారాడ కొండ కిటికీలోంచి కనిపించే ఊళ్లోనూ అవే రెండు కొండలు! పిల్లల్ని కిటికీ దగ్గరికి తీసుకెళితే సరిపోతుంది. చివరిరోజు సంగతికొస్తే, ప్రదర్శన వద్దనను. పంచె తెర ముందు పాతికమంది ఇంటివాళ్లు కూర్చుంటే అదే ప్రదర్శన. బహుమతులు మాత్రం తీసెయ్యాలి.

ఇదంతా ఖరీదైన వ్యవహారం కాదు. ఒక గది, కాగితం, నూనె, దారం, వెదురు, బల్బు. ఖరీదైనది మనిషే. తప్పెటగుళ్లు ఆడే మాస్టారినో, బుర్రకథ చెప్పే అక్కనో నెలరోజులు రప్పించి, రానూపోనూ ఛార్జీలు, భోజనం, మర్యాదైన పారితోషికం ఇవ్వాలి. ఉచితంగా రమ్మని అడగకూడదు. కళ వాళ్ల జీవనోపాధి. ఒక్క అపార్టుమెంటువాళ్లే మొయ్యలేకపోతే నాలుగు అపార్టుమెంట్లు కలిసి మొయ్యొచ్చు. రిటైరైన ఉక్కు ఉద్యోగులు ఈ చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు. ఫిట్టర్లకీ వెల్డర్లకీ చేతిపని ఓపిగ్గా చూపించడం వచ్చు, కీలు ఎందుకు బిగుసుకుందో వాళ్లకి చిటికెలో అర్థమవుతుంది. ఎవరూ పిలవరు కాబట్టి రారు.

ఇంకో మాట. ఊళ్లలో అమ్మవారి పండగలు వేసవిలోనే జరుగుతాయి, అప్పుడు కళాకారులకి తీరిక ఉండదు. ఏప్రిల్ చివర్లో హడావుడిగా ఫోన్ చేస్తే దొరకరు. సంక్రాంతి దాటగానే వెళ్లి తేదీలు మాట్లాడుకుని, కొంత బయానా చేతిలో పెట్టి రావాలి.